రిపేర్ చేయించిన కొద్ది రోజులకే ల్యాప్‌టాప్ ఆగిపోతోంది, మదర్‌బోర్డు మార్చాలంటున్నారు, నిజమేనా?

పున్నాగ:

అందరికీ నమస్కారం. ప్రశ్న కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

నా ల్యాప్‌టాప్ కొన్నేళ్ళుగా వాడుతున్నది. ఈ మధ్య బాగా వేడెక్కడం, ఫ్యాన్ ఆగకుండా గోలగా తిరగడం మొదలైంది. దానికి తోడు ఎడమ వైపు హింజ్ (మూతని బాడీకి కలిపే మడత బందు) బిగుసుకుపోయి, మూత తెరిచినప్పుడల్లా కింది బాడీ విడిపోతున్నట్టు టక్‌మనేది. రెండూ ఒకేసారి చూపిద్దామని రిపేర్‌కి ఇచ్చాను. వాళ్ళు లోపలి దుమ్ము తీసి, థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని బయటికి చేర్చడానికి దాని మీద పూసే ముద్ద) మార్చి, హింజ్ కొత్తది వేసి, పనిలో పనిగా పాత హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డి కూడా పెట్టి ఇచ్చారు. తెచ్చుకున్న మొదటి రోజుల్లో చాలా బాగుంది, హింజ్ మెత్తగా తెరుచుకునేది, స్పీడు కూడా పెరిగింది.

వారం తిరక్కుండానే కథ మారిపోయింది. పని చేస్తూ ఉండగా ఏ హెచ్చరికా లేకుండా ఠక్కున ఆఫ్ అయిపోతోంది. బ్లూ స్క్రీన్ రాదు, షట్‌డౌన్ అవుతున్నట్టు కూడా చూపించదు, కరెంటు తీసేసినట్టు ఆగిపోతుంది. కాసేపాగి ఆన్ చేస్తే మామూలుగా వస్తుంది. ఇంకోసారేమో పవర్ లైటు వెలుగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, స్క్రీన్ మాత్రం నల్లగా ఉంటుంది. మూత మూసి తెరిస్తే ఒక్కోసారి బొమ్మ వస్తుంది, ఒక్కోసారి రాదు.

షాపుకి ఫోన్ చేస్తే "మేం చేసిన పనికీ దీనికీ సంబంధం లేదు, మదర్‌బోర్డు పోయుంటుంది, మార్చాలి" అన్నారు. చూడకుండానే అన్నారు. నాకు థీసిస్ సబ్మిషన్ దగ్గర పడుతోంది, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మళ్ళీ వాళ్ళ దగ్గరికే వెళ్ళే ముందు ఇంట్లో నేను చూసుకోగలిగినవి ఏమైనా ఉన్నాయా? రిపేర్‌కి ముందు ఈ ఆగిపోవడం అస్సలు లేదు, అది మాత్రం ఖచ్చితంగా చెప్పగలను.

వేగుచుక్క:

పున్నాగ గారూ, ముందు థీసిస్ సంగతి చూడండి. ల్యాప్‌టాప్ ఆన్ అయిన మొదటిసారే, ఏ టెస్టూ చేయకముందే, కావలసిన ఫైళ్ళన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకో ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకో కాపీ చేసేయండి, ఇంకో కాపీ క్లౌడ్‌లో పెట్టండి. ఇలా ఠక్కున కరెంటు పోయే మెషిన్‌లో, ఫైల్ సేవ్ అవుతున్న క్షణంలోనే ఆగిపోతే ఆ ఫైల్ పాడయ్యే ప్రమాదం ఉంది. పాత హార్డ్ డిస్క్ మీకు తిరిగి ఇచ్చారా? ఇచ్చుంటే దాన్ని ఫార్మాట్ చేయకుండా అలాగే దాచిపెట్టండి.

ఇక అసలు విషయం. మీరు రాసినదాంట్లో రెండు వేర్వేరు సమస్యలు కనిపిస్తున్నాయి నాకు. ఠక్కున ఆఫ్ అవ్వడం ఒకటి. మెషిన్ నడుస్తూనే బొమ్మ రాకపోవడం ఇంకొకటి. రెండింటికీ కారణం ఒకటే అయ్యుండొచ్చు, కానీ ముందే అలా అనుకుంటే "బోర్డు పోయింది" అనే మాట దగ్గరికే వెళ్తాం, ఎందుకంటే రెండింటినీ కలిపి చెప్పడానికి ముందు తట్టే కారణం అదే. విడివిడిగా చూస్తే ఇంకా చిన్న కారణాలు బయటపడతాయి.

స్క్రీన్ సంగతి తేల్చడం తేలిక. నల్లగా ఉన్నప్పుడు క్యాప్స్ లాక్ నొక్కి చూడండి, దాని లైటు వెలుగుతూ ఆరుతూ ఉంటే లోపల మెషిన్ బతికే ఉంది. అప్పుడే ఒక టీవీకో మానిటర్‌కో హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టండి. అందులో బొమ్మ మామూలుగా వస్తే ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ బాగున్నట్టే, గొడవ స్క్రీన్‌కో దానికి వెళ్ళే కేబుల్‌కో పరిమితం. గది చీకటి చేసి స్క్రీన్ మీద టార్చి ఏటవాలుగా వేసి కూడా చూడండి. లీలగా బొమ్మ కనిపిస్తే ప్యానెల్ పని చేస్తోంది, వెనక వెలుగు మాత్రం రావడం లేదన్నమాట. మూతని మెల్లగా ముందుకీ వెనక్కీ వంచుతూ ఏ కోణంలో బొమ్మ పోతోందో, ఏ కోణంలో వస్తోందో గమనించండి. హింజ్ మార్చారు అన్నారు కాబట్టి నా అనుమానం అక్కడే ఉంది. స్క్రీన్ కేబుల్ చాలా మోడళ్ళలో హింజ్ పక్క నుంచే పైకి వెళ్తుంది.

ఆఫ్ అయ్యే సంగతికి వేడి చూడాలి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అని ఉచితంగా దొరికే ప్రోగ్రామ్ ఉంది, దాంట్లో సెన్సర్ల విండో తెరిచి ప్రాసెసర్ వేడి చూడండి. ఏ పనీ చేయనప్పుడు ఎంత, బరువైన పని ఇచ్చిన వెంటనే ఎంత, అన్ని కోర్లూ (ప్రాసెసర్ లోపల విడివిడిగా పని చేసే భాగాలు) దాదాపు ఒకే వేడిలో ఉన్నాయా లేక ఏదో ఒకటి విడిగా పైకి పోతోందా, ఈ మూడూ రాసుకోండి. స్క్రీన్‌షాట్ కూడా తీసిపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

దాంతో పాటు విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సిస్టమ్ లాగ్‌లో ఆఫ్ అయిన సమయం దగ్గర చూడండి. కెర్నల్-పవర్ 41 అని ఎర్ర గుర్తుతో ఉంటుంది. దాన్ని చూసి కంగారు పడకండి, "క్రితం సారి సరిగ్గా షట్‌డౌన్ కాలేదు" అని చెప్పడం తప్ప అది కారణం చెప్పదు. వివరాల్లో బగ్‌చెక్ కోడ్ (బ్లూ స్క్రీన్ ఎర్రర్ నంబరు) 0 అని ఉందా లేదా చూడండి. 0 ఉంటే విండోస్‌కి ఏమీ రాసుకునే వ్యవధి కూడా దొరకలేదు, అంటే కరెంటే తెగిపోయింది లేదా మొత్తం బిగుసుకుపోయింది. 0 కాకుండా వేరే కోడ్ ఉంటే అప్పుడు డ్రైవరో ర్యామో ఏదో ఉంది, దాన్ని ఇక్కడ పెట్టండి. కెర్నల్-పవర్ 86 అని కనిపిస్తే అది నేరుగా వేడి వల్ల విండోస్ ఆపేసిందని అర్థం.

మూడోమలుపు:

ఛార్జరు, బ్యాటరీ సంగతి ఎవరూ అడగలేదేంటి? లోపల ఏ పని చేసినా ముందు బ్యాటరీ కనెక్టర్ పీకాలి, తర్వాత మళ్ళీ పెట్టాలి. అది పూర్తిగా కూర్చోకపోతే కదిలినప్పుడల్లా ఆగిపోతుంది. బ్యాటరీ మీద మాత్రమే కాసేపు, ఛార్జరు పెట్టి కాసేపు నడిపి చూడండి, ఎందులో ఆగుతోందో తెలిస్తే సగం దారి దొరికినట్టే.

ఛార్జరు మీ పాతదేనా, షాపులో మారిపోయిందా? వెనక వాట్లు చదవండి. 65 వాట్లు కావలసిన మెషిన్‌కి 45 వాట్లది పెడితే కొన్ని నెమ్మదిస్తాయి, కొన్ని బ్యాటరీ ఛార్జ్ చేయవు. పిన్ను మధ్యలో సన్నటి సూది ఉండే ఛార్జర్లలో ఆ సూది ద్వారానే ల్యాప్‌టాప్ ఛార్జరుని గుర్తుపడుతుంది, అది వంగినా అదే గొడవ. యూఎస్‌బీ-సి రకమైతే 65 వాట్ల దాని మీద 20 వోల్టులు, 3.25 యాంపియర్లు అని రాసి ఉంటుంది.

కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని, స్పేస్ ఇచ్చి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని (powercfg /batteryreport) కొడితే ఒక పేజీ తయారవుతుంది. అందులో తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు పట్టే సామర్థ్యం పక్కపక్కనే ఉంటాయి. టచ్‌ప్యాడ్ కొంచెం పైకి లేచినట్టున్నా, కింది మూత బల్ల మీద సరిగ్గా ఆనకుండా ఊగుతున్నా బ్యాటరీ ఉబ్బిందేమో అనుమానించండి. అలా ఉంటే వాడటం, ఛార్జింగ్ పెట్టడం రెండూ ఆపేయండి, దాన్ని నొక్కి లోపలికి తోయాలని మాత్రం చూడొద్దు.

పున్నాగ:

ఇద్దరికీ చాలా థాంక్స్. ఫైళ్ళన్నీ రెండు చోట్ల పెట్టేశాను, ముందు ఆ భారం దిగింది. పాత హార్డ్ డిస్క్ నా దగ్గరే ఉంది.

చూసినవి రాస్తున్నాను. స్క్రీన్ నల్లగా ఉన్నప్పుడు క్యాప్స్ లాక్ లైటు పని చేస్తోంది. టీవీకి పెడితే బొమ్మ శుభ్రంగా వచ్చింది. మూతని బాగా వెనక్కి వంచితే బొమ్మ పోతోంది, ఒక కోణంలో గీతలు గీతలుగా వచ్చి మళ్ళీ మామూలవుతోంది. టార్చి వేస్తే ఏమీ కనిపించలేదు.

ఛార్జరు నా పాతదే, 65 వాట్లు. ఛార్జరు తీసి బ్యాటరీ మీద నడిపినా అలాగే ఆఫ్ అయింది. టచ్‌ప్యాడ్ మామూలుగానే ఉంది, ఊగడం లేదు.

వేడి చూసి నాకు భయం వేసింది. ఏమీ తెరవకుండా ఖాళీగా ఉన్నప్పుడే 60 పైన ఉంది. బ్రౌజర్ తెరిచి ఒక వీడియో పెట్టగానే కళ్ళ ముందే 97, 98కి ఎగిరింది, ఆపగానే అంతే వేగంగా దిగిపోయింది. ఒక కోర్ మిగతా వాటికన్నా 20 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది. ఫ్యాన్ తిరుగుతోంది, గాలి కూడా బయటికి వస్తోంది, కానీ ఆ గాలి పెద్ద వేడిగా లేదు, అది నాకు అర్థం కాలేదు. ఈవెంట్ వ్యూయర్‌లో 41 చాలాసార్లు ఉంది, కోడ్ అన్నిసార్లూ 0. 86 ఎక్కడా లేదు. 86 లేదు కాబట్టి వేడి కారణం కాదనుకోవాలా?

బెంచిమీదిబోర్డు:

నేను బోర్డు లెవెల్ పని చేస్తాను, రోజూ ఇవే చూస్తుంటాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

86 లేకపోయినంత మాత్రాన వేడి కాదని అనుకోకండి. 86 రావాలంటే విండోస్‌కి ఆ సంగతి తెలియాలి, తీరిగ్గా మూసే టైం ఉండాలి. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకి గరిష్ఠ పరిమితి 100 డిగ్రీలు, ఏఎండీ వాటికి మోడల్‌ని బట్టి 95 నుంచి 105 దాకా ఉంటుంది. ఆ దగ్గరికి రాగానే ప్రాసెసర్ తనంతట తాను స్పీడు తగ్గించుకుంటుంది. తగ్గించుకున్నా వేడి ఆగకపోతే విండోస్‌తో పని లేకుండా హార్డ్‌వేరే కరెంటు కట్ చేస్తుంది, చిప్ కాలిపోకుండా అది ఆఖరి రక్షణ. అలాంటప్పుడు లాగ్‌లో మిగిలేది కోడ్ 0తో ఉన్న 41 ఒక్కటే. మీ దగ్గర ఉన్నది సరిగ్గా అదే.

మీరు గమనించిన వాటిలో నాకు అన్నిటికన్నా విలువైనవి మూడు. ఒక్కసారిగా ఎగరడం, ఒక కోర్ విడిగా వేడెక్కడం, బయటికి వచ్చే గాలి చల్లగా ఉండడం. దుమ్ము పట్టి గాలి ఆడకపోతేనో ఫ్యాన్ తిరగకపోతేనో వేడి మెల్లగా నిమిషాల మీద పెరుగుతుంది, హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగి ఫ్యాన్ దగ్గరికి చేర్చే లోహపు భాగం) మొత్తం కాగుతుంది, వచ్చే కొద్దిపాటి గాలి సెగలా తగులుతుంది. మీ మెషిన్‌లో క్షణంలో 98కి పోతోంది, గాలేమో చల్లగా ఉంది. అంటే ప్రాసెసర్‌లో పుట్టిన వేడి హీట్‌సింక్‌కి చేరడమే లేదు. ఇత్తడి గిన్నె అడుగు సొట్టపోయి పొయ్యి మీద ఒక పక్కే ఆనినట్టు, ఇక్కడ హీట్‌సింక్ ప్లేటు చిప్ మీద ఒక పక్కే ఆనుతోంది.

ఎందుకు అలా అయ్యుంటుంది? హీట్‌సింక్ ఊడదీసి మళ్ళీ పెట్టేటప్పుడు స్క్రూలని దాని మీద ఉన్న నంబర్ల వరుసలో, కొంచెం కొంచెంగా, ఎదురెదురు మూలలు మారుస్తూ బిగించాలి. ఒక మూల ముందే పూర్తిగా బిగిస్తే ఎదురు పక్క లేస్తుంది. ఇంతకన్నా ఎక్కువసార్లు నేను చూసేది థర్మల్ ప్యాడ్ల గొడవ. ప్రాసెసర్ పక్కన కరెంటు సర్దే చిన్న భాగాల మీద, కొన్ని మోడళ్ళలో గ్రాఫిక్స్ మెమరీ మీద మెత్తటి ప్యాడ్లు ఉంటాయి. అవి 0.5 మిల్లీమీటర్లు, 1, 1.5 ఇలా రకరకాల మందాల్లో ఉంటాయి, ఒకే ల్యాప్‌టాప్‌లో రెండు మూడు మందాలు కూడా వాడతారు. పాతవి చిరిగిపోతే చేతికి దొరికిన మందం వేసేస్తారు. అర మిల్లీమీటరు ఎక్కువైతే చాలు, ప్లేటు ఆ పక్క ఎత్తుగా నిలబడి ప్రాసెసర్ మీద ఖాళీ వదిలేస్తుంది. ఆ ఖాళీని పేస్ట్ నింపుతుంది కాబట్టి మొదటి రోజుల్లో బాగానే ఉన్నట్టుంటుంది. వేడెక్కి చల్లారిన ప్రతిసారీ పేస్ట్ కొంచెం కొంచెం పక్కలకి నెట్టుకుపోతుంది, తర్వాత మీరు చూస్తున్నది మొదలవుతుంది. "రిపేర్ తర్వాత కొన్ని రోజులు బాగుంది కాబట్టి మా తప్పు కాదు" అనే వాదన ఈ విషయంలో నిలవదు.

స్క్రీన్ విషయంలో వేగుచుక్క గారు చెప్పిందే నా మాట కూడా. కోణాన్ని బట్టి బొమ్మ పోతోంది, గీతలు వస్తున్నాయి, టీవీలో బాగుంది. హింజ్ బిగించేటప్పుడు కేబుల్ దాని గాడిలో కాకుండా పక్కకి జరిగి హింజ్ కింద పడింది, మూత తెరిచిన ప్రతిసారీ నలుగుతోంది. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఆ సన్నటి తీగల్లో బ్యాక్‌లైట్‌కి వెళ్ళే ఎక్కువ వోల్టేజీ కూడా ఉంటుంది. పై తొడుగు చిరిగి అది పక్క తీగకి తగిలితే బోర్డు మీద ఫ్యూజ్ పోతుంది, ఒక్కోసారి అంతకు మించి పోతుంది. అప్పుడు నిజంగానే బోర్డు రిపేర్ అవుతుంది. కాబట్టి ఇప్పటికి మూతని కదపడం ఆపేయండి. బొమ్మ వచ్చే కోణంలో అలాగే వదిలి, అవసరమైతే టీవీకి పెట్టుకుని పని చేసుకోండి. విండోస్ పవర్ సెట్టింగుల్లో ప్రాసెసర్ గరిష్ఠ స్థితి అని ఉంటుంది, 100 శాతం ఉన్నదాన్ని 70కి దించండి. స్పీడు తగ్గుతుంది గానీ వేడి బాగా దిగుతుంది, థీసిస్ టైపింగ్‌కి ఇబ్బంది ఉండదు. ఇది రిపేర్ అయ్యే దాకా గడుపుకోవడానికి మాత్రమే.

మదర్‌బోర్డు పోలేదని నూటికి నూరు శాతం ఇక్కడి నుంచి చెప్పలేను. కానీ టీవీలో బొమ్మ ఇస్తూ, ఖాళీగా ఉన్నప్పుడు నిలకడగా నడుస్తూ, వేడి చేరినప్పుడే ఆగే బోర్డుని మార్చమనడానికి ఇప్పటివరకు ఒక్క ఆధారం కూడా లేదు.

మూడోమలుపు:

బాగా చెప్పారు. నాదొక సందేహం, బోర్డు మార్చే బదులు చిప్పుని వేడి చేసి సరి చేస్తామని అంటారు కదా, ఈవిడకి కూడా అలా చెబితే ఒప్పుకోవచ్చా?

బెంచిమీదిబోర్డు:

ఈ కేసులో ఒప్పుకోవద్దు. చిప్పుని హాట్ ఎయిర్‌తో కాల్చి లేపడం మీద నాకు గట్టి అభ్యంతరమే ఉంది, ఎందుకంటే రిపేర్ అయిన కొన్ని వారాలకే మళ్ళీ చచ్చిపోయే మెషిన్లలో చాలా భాగం అక్కడి నుంచే వస్తాయి.

చిప్పుని బోర్డుకి అతికించే లోహం సోల్డర్. సీసం లేని సోల్డర్ సుమారు 217 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పాత సీసం కలిసినది 183 దగ్గర. సరైన మెషిన్ లేకుండా పైపైన గాలి కొడితే అసలు కరుగుతోందో లేదో కూడా తెలియదు, అయినా మెషిన్ ఆన్ అవుతుంది. కారణం ఏంటంటే, చాలాసార్లు పగులు చిప్పుకీ బోర్డుకీ మధ్య ఉన్న సోల్డర్ గుండ్లలో ఉండదు, చిప్పు ప్యాకేజీ లోపలే సిలికాన్ ముక్కకీ దాని కింది పలకకీ మధ్య ఉంటుంది. వేడికి అది వ్యాకోచించి తాత్కాలికంగా ముట్టుకుంటుంది. 2008లో ఎన్విడియా కంపెనీ తన ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ చిప్పుల్లో ప్యాకేజీ లోపం ఉందని ఒప్పుకుని, వారంటీ ఖర్చుల కింద 15 కోట్ల నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెడుతున్నట్టు ప్రకటించింది. ఆ తరం మెషిన్లని కాల్చి లేపడం ఊరూరా నడిచింది, అవి లేచినట్టే లేచి పడిపోయేవి. దానికి నిజమైన మందు చిప్పు మార్చడమే. ఎవరైనా "వేడి చేసి సరి చేస్తాం" అంటే "ఏ భాగం పోయింది, ఎలా తెలిసింది, కొత్త భాగం వేస్తున్నారా" అని అడగండి.

నీళ్ళు పడిన మెషిన్లది ఇంకో తరహా. బయటికి ఆరినట్టున్నా చిప్పుల కింద తడి, ఉప్పు మిగిలిపోయి తుప్పు తింటూనే ఉంటుంది. ఒక షార్ట్ తీసేసి ఇస్తారు, తర్వాత ఇంకో చోట మొదలవుతుంది. పున్నాగ గారూ, మీ దాని మీద ఎప్పుడూ ఏదీ ఒలకలేదు కదా?

పున్నాగ:

లేదండీ, ఎప్పుడూ ఏమీ ఒలకలేదు. 70 శాతానికి దించాను, నిన్నటి నుంచి ఒక్కసారి కూడా ఆగలేదు. ఇంత మాత్రానికే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంకో ప్రశ్న. మా తమ్ముడి దగ్గర స్క్రూడ్రైవర్ల సెట్ ఉంది, వెనక మూత తీసి హీట్‌సింక్ స్క్రూలు బిగించి చూద్దామంటున్నాడు. చేయమంటారా?

వేగుచుక్క:

వద్దండీ. కుదరదని కాదు, ఇప్పుడు కాదంటున్నాను. రిపేర్ చేసిన షాపు ఎన్ని రోజుల గ్యారంటీ ఇచ్చిందో చూడండి, అది ఉన్నంతవరకు మీ చేయి లోపలికి వెళ్ళిందని వాళ్ళకి తెలిస్తే తప్పంతా మీ మీదికే వస్తుంది. పైగా ప్యాడ్ మందం తప్పైతే స్క్రూలు బిగించే కొద్దీ ప్లేటు ఇంకా వంకరవుతుంది, చిప్పు మూల చిట్లే ప్రమాదం కూడా ఉంది. కింది మూత స్క్రూల్లో పొడుగువీ పొట్టివీ ఉంటాయి, పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది పెట్టి తిప్పితే బోర్డులోకి దిగి తీగలు తెగుతాయి. తమ్ముడికి ఆసక్తి ఉంటే వేరే పాత మెషిన్ మీద నేర్చుకోమనండి.

నీలిఅంచు:

ఆలస్యంగా చూశాను, టెక్నికల్‌గా అందరూ చెప్పేశారు. షాపుకి ఇచ్చే ముందు చేయాల్సినవి కొన్ని చెబుతాను, వీటిని మర్చిపోయి ఏడ్చినవాళ్ళని చూశాను.

అన్నిటికన్నా ముఖ్యం బిట్‌లాకర్, అంటే డ్రైవ్‌లోని ఫైళ్ళకి విండోస్ వేసే తాళం. విండోస్ 11 ఉన్న చాలా ల్యాప్‌టాప్‌లలో మనం అడక్కుండానే డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది. దాని తాళం మదర్‌బోర్డు మీది భద్రతా చిప్పుతో ముడిపడి ఉంటుంది. బోర్డు మార్చినా, కొన్నిసార్లు బయాస్ (విండోస్ కన్నా ముందు నడిచే ప్రోగ్రామ్) సెట్టింగులు రీసెట్ చేసినా, ఆన్ చేయగానే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డ్రైవ్ మంచిగానే ఉన్నా లోపలి ఫైళ్ళు ఎవరూ తీయలేరు. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్ళి ఆ కీ ఉందో లేదో ఇవాళే చూసి కాగితం మీద రాసుకోండి. ఫోటో తీసి అదే ల్యాప్‌టాప్‌లో పెట్టుకుంటే లాభం లేదు.

ఇవ్వబోయే ముందు ల్యాప్‌టాప్‌ని నాలుగు వైపులా ఫోటోలు తీయండి, సీరియల్ నంబర్ కనిపించేలా ఒకటి. వేడి స్క్రీన్‌షాట్లు, మూత వంచితే బొమ్మ పోతున్న వీడియో ఫోన్‌లో ఉంచుకోండి. షాపులో "పాడైంది, చూడండి" అనకండి. "ఖాళీగా 60, పని ఇస్తే క్షణంలో 98, ఒక కోర్ 20 డిగ్రీలు ఎక్కువ, హీట్‌సింక్ ఆనిక చూడాలి, మూత కోణాన్ని బట్టి స్క్రీన్ పోతోంది, బయట మానిటర్‌లో బాగుంది, హింజ్ దగ్గర కేబుల్ చూడాలి" అని రెండు ఫిర్యాదులుగా విడివిడిగా వాళ్ళ రసీదు మీద రాయించండి. అప్పుడు "బోర్డు" అని ఒక్క మాటతో తోసేయడానికి వీలుండదు. వీలైతే మీ ఎదురుగానే తెరవమనండి. హీట్‌సింక్ లేపిన వెంటనే, తుడవకముందే, పేస్ట్ ఎలా అంటుకుందో ఫోటో తీయండి. మార్చిన ప్రతి పాత భాగాన్ని అడిగి తెచ్చుకోండి.

మీ అసలు పాస్‌వర్డ్ ఇవ్వక్కర్లేదు. టెస్టింగ్ కోసం విడిగా ఒక యూజర్ అకౌంట్ పెట్టి దాన్నివ్వండి.

పున్నాగ:

అప్‌డేట్ రాస్తున్నాను, ఇలాంటి ఇబ్బంది ఉన్న ఇంకెవరికైనా ఉపయోగపడొచ్చు.

నీలిఅంచు గారు చెప్పినట్టే రెండు ఫిర్యాదులూ రసీదు మీద రాయించాను. మొదట కౌంటర్ దగ్గర ఉన్నాయన మళ్ళీ బోర్డు మాటే ఎత్తారు. స్క్రీన్‌షాట్లు, వీడియో చూపించి "ముందు హీట్‌సింక్ తీసి చూద్దాం, తర్వాత బోర్డు సంగతి మాట్లాడదాం" అన్నాను. లోపల పని చేసే టెక్నీషియన్‌ని పిలిచారు, ఆ అబ్బాయి మాత్రం అంకెలు చూడగానే విషయం పట్టేశాడు, నా ఎదురుగానే తెరిచాడు.

హీట్‌సింక్ తీస్తే ప్రాసెసర్ మీద ఒక పక్క పేస్ట్ పల్చగా ఒత్తుకుని ఉంది, ఇంకో పక్క మందంగా ముద్దలా ఉంది, అక్కడ ప్లేటు అసలు తగిలిన గుర్తే లేదు. పక్కన కరెంటు భాగాల మీద వేసిన కొత్త ప్యాడ్ 1.5 మిల్లీమీటర్లది, అక్కడ ఉండాల్సింది 1. ప్యాడ్ మార్చి, పేస్ట్ కొత్తగా వేసి, ఎదురెదురు స్క్రూలు కొంచెం కొంచెంగా బిగించాడు. అక్కడే ఆన్ చేసి చూశాం, ఖాళీగా 45 దగ్గర నిలబడింది, వీడియో పెడితే 65 లోపే ఉంది. కోర్ల మధ్య తేడా నాలుగైదు డిగ్రీలే. వచ్చే గాలి ఇప్పుడు వేడిగా తగులుతోంది.

స్క్రీన్ కేబుల్ కూడా మీరు ఊహించిన చోటే, హింజ్ కింద నలిగి పై తొడుగు చిరిగి ఉంది. తీగలు ఇంకా ఒకదానికొకటి తగల్లేదు. కొత్త కేబుల్ తెప్పించి రెండు రోజుల తర్వాత వేశారు. వేడి పనికి ఏమీ తీసుకోలేదు. కేబుల్‌కి మాత్రం దాని ధర అడిగారు, హింజ్ వేసింది మీరే కదా అని నిలబడితే చివరికి వద్దన్నారు. పాత కేబుల్, పాత ప్యాడ్ ఇంటికి తెచ్చుకున్నాను. బిట్‌లాకర్ కీ రాసి పెట్టుకున్నాను, నా దాంట్లో నిజంగానే ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉంది, నాకు ఆ సంగతే తెలియదు.

ప్రాసెసర్ స్థితి మళ్ళీ 100 శాతానికి పెట్టేయొచ్చా?

బెంచిమీదిబోర్డు:

పెట్టేయండి. పెట్టాక ఒక అరగంట బరువైన పని ఇచ్చి హెచ్‌డబ్ల్యూఇన్ఫో పక్కన తెరిచి ఉంచండి, 90 దాటకుండా నిలబడితే చాలు. ఆ స్క్రీన్‌షాట్ దాచుకుని నెల తర్వాత అదే పని ఇచ్చి మళ్ళీ పోల్చండి. కోర్ల మధ్య తేడా మళ్ళీ పెరుగుతూ ఉంటే ఆనిక ఇంకా సరిగ్గా లేదన్నట్టే, గ్యారంటీ గడువు లోపలే తీసుకెళ్ళండి. ఇన్నిసార్లు కరెంటు తెగింది కాబట్టి ఒకసారి డిస్క్ ఎర్రర్ల స్కాన్ కూడా నడిపించండి, దిస్ పీసీలో (పాత పేరు మై కంప్యూటర్) సి డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, టూల్స్‌లో చెక్ అని ఉంటుంది. కొత్త కేబుల్ వేశారు కాబట్టి మూతని మొత్తం తెరిచి మూసి ఏ కోణంలోనూ బొమ్మ వణకడం లేదని ఇవాళే చూసుకోండి.

పున్నాగ:

చూశానండీ, ఎక్కడా వణకడం లేదు. డిస్క్ స్కాన్‌లో ఎర్రర్లు ఏమీ రాలేదు. 100 శాతం మీద అరగంట నడిపితే ఎక్కువలో ఎక్కువ 84 చూపించింది, స్క్రీన్‌షాట్ దాచాను. అందరికీ మనస్ఫూర్తిగా థాంక్స్, ఇక థీసిస్ మీద కూర్చుంటాను.